చిత్తుప్రతికీ మార్కులు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ విద్యార్థుల ప్రాజెక్టు నివేదికలను జిరాక్సు కొట్టుల దగ్గర డబ్బు తీసుకుని తయారుచేసి ఇస్తున్నారన్న సంగతి మన గోదావరి జిల్లాల్లో ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. పిల్లల సోమరితనమని తేల్చేసి ఊరుకోవడం తేలికే. అయితే కోనసీమలోని ఒక డిగ్రీ కళాశాలలో చాలాకాలంగా పాఠాలు చెబుతున్నవాడిగా, ఇందులో ఎక్కువ తప్పు మా వైపు వ్యవస్థదేనని నేను అనుకుంటున్నాను. పరిశోధన ఎలా రాయాలో మనం వాళ్లకు నేర్పడం లేదు, రాస్తున్న క్రమంలో ఒక్కసారైనా తీసుకుని చదవడం లేదు, చివరికి అట్ట వేసి తెచ్చిన ప్రతికి మాత్రం మార్కులు వేస్తున్నాం. అట్ట వేసిన ప్రతి ఒక్కటే కావాలన్నప్పుడు అది కొట్టులో దొరకడంలో వింత లేదు.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును పెట్టింది. విద్యార్థి 180 గంటలు ఒక ఊరితో కలిసి పనిచేసి, సామాజిక, ఆర్థిక పరిస్థితులను సర్వే చేసి, నివేదిక రాయాలి. ఆలోచన మంచిదే. కానీ ఆ 180 గంటల్లో సేకరించినదాన్ని రచనగా మార్చడం అనే పని ఎవరి పాఠంలోనూ లేదు. అమెరికాలో పంతొమ్మిదో శతాబ్దం చివర హార్వర్డ్‌లో స్థిరపడి, తర్వాత కళాశాలలన్నిటికీ పాకిన మొదటి సంవత్సరపు రచనా కోర్సులో విద్యార్థి తన ప్రశ్నను తానే ఎంచుకుని, ఆధారాలు వెతికి, రాసి, చూపించి, మళ్లీ రాస్తాడు. మన దగ్గర వ్యాసరచన హైస్కూలుతోనే ఆగిపోతుంది.

నా తరగతిలో ఒక సెమిస్టరంతా ఒకే వ్యాసాన్ని దశలుగా రాయించే పద్ధతిని కొంతకాలంగా నడుపుతున్నాను. అందులో చూసినది చెబితే నేను అడగబోయేది స్పష్టమవుతుంది. ఒక అమ్మాయిది సముద్రానికి దగ్గరగా, కాలువ ఆఖరున ఉన్న ఊరు. ‘గోదావరి డెల్టా వ్యవసాయం’ అన్న పేరుతో ఆమె తెచ్చిన మొదటి ప్రతి నిండా కాటన్ దొర స్తోత్రమే ఉంది. ఆమె ఊరు ఆఖరి పేరాలో, అదీ ‘నీటి సమస్య కూడా కలదు’ అన్న ఒక్క వాక్యంలో కనిపించింది. (మా జిల్లాల్లో ఏ విషయం మీద వ్యాసం అడిగినా దొరగారితోనే మొదలవుతుంది. ఆయన మీద నాకూ గౌరవం ఉంది గానీ, కొబ్బరి ధరల మీద వ్యాసంలో కూడా ఆయనే ఎదురైతే ఏం చేస్తాం?) ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయిందని సరిగానే రాసింది, ఎక్కడ చూశావంటే ‘నెట్‌లో’ అంది. పైగా కాటన్ కట్టించిన ఆనకట్టనూ, 1970ల్లో చేపట్టిన ఇప్పటి బ్యారేజీనీ ఒకటిగా కలిపేసింది. గ్రంథాలయానికి వెళ్లి, 1907లో హెమింగ్‌వే అనే అధికారి కూర్చిన గోదావరి జిల్లా గెజెటీరులో (జిల్లా సమాచార గ్రంథంలో) సాగునీటి భాగం చదివి, పుట సంఖ్య వేసుకుని వచ్చాక ఆ కలగాపులగం దానంతటదే విడిపోయింది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. ఏ ఊరు, ఏ పంట, ఏ నెల అని అడుగుతూ పోగా పోగా ఆమె ప్రశ్న ఒక కొలిక్కి వచ్చింది: దాళ్వాలో (రెండో పంట కాలంలో) వంతులవారీగా నీళ్లు వదిలే రోజుల్లో, తమ వంతు వచ్చినా సరే, తమ ఊరి చివరి బోదె (పిల్లకాలువ) కింద శివారు పొలాలకు నీరు ఎందుకు ఎక్కడం లేదు? కాలువ నీళ్లు చూసే లస్కరును అడిగితే ఎగువన ఇంజన్లు పెట్టి తోడేస్తున్నారన్నాడు. నీటి సంఘంలో పనిచేసిన పెద్దమనిషి పూడిక, గుర్రపుడెక్క తీయకపోవడమే కారణమన్నారు. కౌలు రైతులు చేపల చెరువులు నింపుకోవడాన్ని తప్పుపట్టారు. రెండో ప్రతిలో ఇవన్నీ ‘అని అంటారు’ అన్న ముసుగులో కలిసిపోయి వచ్చాయి. అలాంటి ప్రతి చోటా ‘ఎవరంటారు?’ అని అంచున రాసి తిరిగి ఇచ్చాను. మూడో ప్రతిలో ఎవరి మాట వారి పేరు మీదికి చేరింది, ఆ మాట వెనుక ఎవరి ప్రయోజనం ఉందో ఒక వాక్యం చేరింది, తాను వంతు రోజున తూము దగ్గర నిలబడి చూసినది విడిగా నిలిచింది. మూడు కారణాల్లో ఏది ఎంత అన్నది తేల్చడానికి తన దగ్గరున్న ఆధారం చాలదని ఆమె ముగింపులో రాసింది. ఆ నివేదిక చూసిన ఒక పరీక్షకులు ‘ముగింపు బలంగా లేదు’ అన్నారు. నాకు మాత్రం ఆ నివేదిక మొత్తంలో అంత గట్టి వాక్యం మరొకటి కనిపించలేదు.

మరో విద్యార్థి 1996 తుపాను మీద పెద్దల జ్ఞాపకాలు సేకరించాడు. దీపావళి వెళ్లిన మర్నాడే గాలివాన వచ్చిందని ఒక తాతగారు ఘంటాపథంగా చెప్పారు. తుపాను తీరం దాటినది నవంబరు 6న, ఆ ఏడాది దీపావళి 10న. ఈ తేడా బయటపడగానే ఆ కుర్రాడు తాతగారు చెప్పినదంతా కొట్టేయబోయాడు. తేదీ తప్పు చెప్పినంత మాత్రాన, పడిపోయిన కొబ్బరితోట గురించీ, ఆ తోట మీద అప్పు చేసి మళ్లీ మొక్క వేసిన తీరు గురించీ ఆయన చెప్పినది పనికిరాకుండా పోతుందా అన్న చర్చ తరగతిలో రెండు పీరియడ్లు నడిచింది. తేదీకి పత్రికనూ, ఇంటి నష్టానికి ఆయన మాటనూ ఆధారంగా తీసుకుని, ఆ ఎంపికకు కారణం కూడా రాసిన ప్రతి చివరకు వచ్చింది. ఇలాంటి నిర్ణయం ఏ కొట్టులోనూ అమ్మరు.

గ్రంథచౌర్యాన్ని అరికట్టడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో నిబంధనలు తెచ్చింది. ఇతరుల రచనలతో 10 శాతం లోపు పోలికకు శిక్ష లేదనీ, ఆపైన మూడు అంచెలుగా చర్యలుంటాయనీ వాటి సారాంశం. నిబంధనలు ఉండవలసిందే. అయితే క్షేత్రంలో వాటి ఫలితం ఏమిటంటే, పిల్లలు రచన మానేసి అంకె మీద పడ్డారు. మాటలు అటూ ఇటూ మార్చి పోలిక తగ్గించడమే విద్య అయింది. ఇప్పుడు చాట్‌జీపీటీ వంటివి ఆ శ్రమ కూడా లేకుండా చేశాయి. పూర్తయిన కాగితాన్ని మాత్రమే తనిఖీ చేసే ఏ పద్ధతినైనా దాటడానికి దారి దొరుకుతుంది. మొదటి ప్రతి, తిరుగురాత, నోట్సు, మాట్లాడిన మనుషుల వివరాలు వరుసగా అడిగితే, ఆ వరుసంతా కల్పించడం కంటే నిజంగా రాయడమే సులువవుతుంది.

భాష సంగతి కూడా ఒక మాట చెప్పాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువు ఇంగ్లీషు మాధ్యమంలోకి మారింది. ఊళ్లో తెలుగులో విన్నదాన్ని విద్యార్థి నేరుగా ఇంగ్లీషులో రాయబోయి, తనకు అలవాటైన నాలుగు వాక్యాల్లోకి కుదించేస్తున్నాడు. రైతు చెప్పిన వివరంలో సగం అక్కడే రాలిపోతోంది. తుది నివేదిక ఏ భాషలో ఉన్నా, మొదటి ప్రతిని తెలుగులో రాయడానికి అనుమతించాలి.

తరగతికి అరవై మంది ఉంటే ఇన్ని ప్రతులు ఎవరు చదువుతారని తోటి అధ్యాపకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఖాళీ పోస్టులు నింపకుండా ఈ భారాన్ని ఉన్నవారి నెత్తిన పెట్టమని నేను అనడం లేదు. కానీ మొదటి దశలో ప్రశ్న, తొలి పేరా చదివితే చాలు; రెండో దశలో విద్యార్థులు ఒకరి ప్రతి ఒకరు చదివి, ఆధారం లేని వాక్యాల కింద గీత గీయవచ్చు; అధ్యాపకుడు పూర్తిగా చదవవలసింది మూడోదాన్ని మాత్రమే. ప్రాజెక్టు మార్కుల్లో కనీసం సగం ఈ దశలకు కేటాయించాలనీ, నివేదికతో పాటు చిత్తుప్రతులను కూడా జతచేయడం తప్పనిసరి చేయాలనీ ఉన్నత విద్యామండలినీ, ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయాన్నీ కోరుతున్నాను.

చివరగా మీ పత్రికకు కూడా ఒక విన్నపం. 1986 ఆగస్టు వరదలు, 1996 తుపాను, 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడే (పంట విరామం) వంటి విషయాలపై పనిచేసే విద్యార్థికి ఆనాటి పత్రికల కంటే దగ్గరి ఆధారం లేదు. వాటికోసం మా పిల్లలు రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం దాకా బస్సెక్కి వెళ్తున్నారు. మీ వద్దనున్న పాత సంచికలను నెలకు ఒక రోజైనా, కళాశాల నుంచి ఉత్తరం తెచ్చిన విద్యార్థులు మీ కార్యాలయంలోనే కూర్చుని చూసుకునే ఏర్పాటు చేయగలరా? కాగితం పాతబడి ఉంటుంది కనుక, ప్రతి బృందం వెంట ఒక అధ్యాపకుణ్ణి పంపే పూచీ మాది.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు,
కోనసీమ