తులసి బొమ్మ వెనుక తేయాకు

సంపాదకులకు నమస్కారం.

కాఫీ తగ్గించుకోమని డాక్టరు చెప్పిన ఇళ్లలో తులసి, అల్లం, నిమ్మ-తేనె, చామొమైల్ (చామంతి జాతి పువ్వు) పేర్లతో వచ్చే టీ బ్యాగుల పెట్టెలు నెలవారీ సరుకులలో చేరిపోయాయి. చెన్నైలో మేముండే పెరంబూరులో చిన్న కిరాణా కొట్లలో సైతం పెద్ద టీ కంపెనీలు తయారుచేసిన ఈ పెట్టెలు దొరుకుతున్నాయి. ఆరోగ్యం కోసమని వీటిని కొనేవారికి అసలు తెలియవలసిన సంగతి పెట్టె ముందు భాగంలో కనిపించడం లేదని నా ఫిర్యాదు.

తులసి బొమ్మ ఉన్న పెట్టెలు అనేకం నిజానికి గ్రీన్ టీ పెట్టెలు. గ్రీన్ టీ కూడా మామూలు టీ పొడి వచ్చే మొక్క ఆకే కనుక అందులోనూ కెఫీన్ ఉంటుంది. నిద్ర పట్టడం లేదని మా అత్తగారు సాయంత్రం కాఫీ మానేసి, దాని బదులు పడుకోబోయే ముందు తాగుతూ వచ్చిన తులసి టీలో అధిక భాగం గ్రీన్ టీ ఆకేనని పెట్టె వెనుక సన్నని ఇంగ్లీషు అక్షరాలలో ఉంది. ఆవిడ తమిళం మాట్లాడగలరు గాని, చదవగలిగింది తెలుగు ఒక్కటే. ఆహార పదార్థాల వివరాలను ఇంగ్లీషులో గాని హిందీలో గాని ముద్రిస్తే చట్టానికి సరిపోతుంది. ఇతర భాషలు కంపెనీల ఇష్టం. కాబట్టి ఆవిడలాంటి వారికి ఆ పెట్టె చెప్పగలిగేదంతా దాని మీది బొమ్మే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, టీలోని టానిన్లు ఇనుము ఒంటబట్టకుండా అడ్డుపడతాయి గనుక భోజనానికి ముందు గంట, తర్వాత గంట టీ, కాఫీలు తాగవద్దని సూచించాయి. రక్తహీనతకు మందులు వాడుతున్న స్త్రీ, ఇది తులసి కషాయం లాంటిదే కదా అనుకొని, అరుగుదల కోసం అన్నం తిన్న వెంటనే ఈ టీ తాగితే ఆ సూచన ఆమెకు చేరనట్టే.

బొమ్మలో చూపిన పదార్థం ఎంత శాతం ఉందో రాయాలన్న నిబంధన మనకు ఉంది. ఆ అంకె చాలా పెట్టెల మీద వెనుక వైపునే ఉంటుంది. రెండు గ్రాముల బ్యాగులో 5 శాతం తులసి ఉందంటే, కప్పుకు వచ్చేది గ్రాములో పదోవంతు. వాసనను, రుచిని చాలావరకు కలిపిన ఫ్లేవర్లే ఇస్తాయి. ఫ్లేవర్ కలపడాన్ని నేను తప్పుపట్టడం లేదు. కొనేవారికి అది ముందే తెలియాలంటున్నాను.

అతిమధురం అనే తియ్యని వేరు విషయం ఇంకా ముఖ్యమైనది. చక్కెర లేకుండానే తీపినిస్తుంది గనుక దీన్ని మూలికల మిశ్రమాలలో తరచుగా కలుపుతారు. ఇందులోని గ్లిసిరైజిన్ అనే పదార్థం ఎక్కువైతే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది. నీరు తీయడానికి మాత్రలు వేసుకునేవారికి ఇది మరింత ప్రమాదం. యూరోపియన్ యూనియన్‌లో దీని పాళ్లు నిర్ణీత పరిమితి దాటిన పానీయాలపై, రక్తపోటు ఉన్నవారు అతిగా తీసుకోరాదన్న హెచ్చరిక తప్పనిసరి. రోజుకు మూడు నాలుగు కప్పులు తాగే పెద్దవాళ్లున్న మన ఇళ్లకు అలాంటి వాక్యం అవసరం లేదా?

తేయాకు మొక్క నుంచి రానిదాన్ని టీ అని అమ్మరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2025 డిసెంబరులో స్పష్టం చేయడం మంచిదే. అయితే తేయాకు నిజంగానే ఉండి, మూలిక బొమ్మ చాటున కనబడకుండా పోయిన పెట్టెలకు ఆ ఆదేశం వర్తించదు. టీ బ్యాగులకు స్టేప్లర్ పిన్నులు వాడటం ఆపాలని ఇదే సంస్థ 2017లో ఆదేశించింది. అటువంటి చొరవే ఇక్కడా చూపి, తేయాకు ఉన్నదీ లేనిదీ, మూలిక శాతం ఎంత, అతిమధురం కలిసిందా అన్న మూడు సంగతులను పెట్టె ముందు వైపు, అమ్మే రాష్ట్రపు భాషతో పాటు తెలుగు వంటి పొరుగు భాషలలో కూడా, కళ్లద్దాలు లేకుండా చదవగలిగేంత పెద్ద అక్షరాలతో ముద్రించేలా చూడాలి. ఆ సంస్థ దక్షిణ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలోనే ఉన్నందున, మీ పత్రిక ఇక్కడి అధికారులను ఈ విషయమై అడిగి, వారి సమాధానాన్ని ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై