విమానం ఆటకు ముందు టీవీ సరిచేయండి

సంపాదకులకు నమస్కారం.

2025 ఫిబ్రవరిలో యలహంక ఏరో ఇండియా విమాన ప్రదర్శనకు ఎఫ్-35, సుఖోయ్-57 యుద్ధవిమానాలు రెండూ వచ్చాయి. అవి చూసిన పిల్లలు అలాంటివి నడిపే ఆట కావాలనడం సహజం. 2019 జనవరిలో విడుదలైన విమాన యుద్ధాల వీడియో గేమ్ ఏస్ కంబాట్ 7లో సుఖోయ్-57 ఉంది, ఎఫ్-35లో నౌకల మీద దిగే సీ రకం ఉంది. మన తేజస్ లేకపోవడం బాధే. అయితే కొనిచ్చిన వారానికే "విమానం మాట వినట్లేదు" అని పక్కన పడేస్తే డబ్బు దండగ. ఇందులో సగం తప్పు టీవీది.

టీవీ బొమ్మను నున్నగా చేసే పని ముగించుకుని అప్పుడు తెరమీద వేస్తుంది. ఆ ఆలస్యం సెకనులో పదోవంతే అనుకున్నా, గంటకు 1,000 కిలోమీటర్ల వేగంలో విమానం అప్పటికే 28 మీటర్లు దాటిపోయి ఉంటుంది. ఆకాశంలో ఇది తెలియదు, సొరంగంలో దూరినప్పుడు గోడకు గుద్దుకున్నాక తెలుస్తుంది. ఆ ఆలస్యం తగ్గాలంటే టీవీ పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టండి. చాలా టీవీల్లో అది ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకు విడిగా ఉంటుంది, కేబుల్ వేరే పోర్టుకు మారిస్తే మళ్లీ పెట్టుకోవాలి.

రెండోది కంట్రోల్. ఇందులో స్టాండర్డ్, ఎక్స్‌పర్ట్ అని రెండు రకాలున్నాయి. 'ఎక్స్‌పర్ట్' అన్న పేరు చూసి జడుసుకోకండి, అది విమానం తిప్పే పద్ధతి మాత్రమే. ఆట కష్టం వేరే చోట ఎంచుకుంటాం, అక్కడ తేలిక స్థాయి పెట్టుకోవచ్చు. స్టాండర్డ్‌లో కంట్రోలర్ మీది స్టిక్ పక్కకు నెడితే విమానం కాస్త వాలి, కారులా మెల్లగా తిరుగుతుంది. వెంటపడినవాణ్ణి వదిలించుకోవడానికి అది చాలదు. ఎక్స్‌పర్ట్‌లో రెక్క నిలువుగా అయ్యేదాకా దొర్లించి, అప్పుడు స్టిక్ వెనక్కి లాగాలి. పదునైన మలుపు అలాగే వస్తుంది. ప్లేస్టేషన్‌లో ఎల్1, ఆర్1 బటన్లు విమానం ముక్కును కొంచెం పక్కకు జరుపుతాయి, తుపాకీ గురి సరిచూసుకోవడానికి అవి చాలు. రెండూ కలిపి పట్టుకుంటే రెక్కలు సమానమవుతాయి. స్టిక్ వెనక్కి లాగితే ముక్కు పైకి లేవడం తలకిందులుగా అనిపించినా మార్చకండి, అసలు విమానంలోనూ అంతే.

శత్రువు కనబడక గింగిరాలు కొట్టేవారు ట్రయాంగిల్ బటన్ నొక్కి పట్టుకోవాలి, చూపు అతని వెంటే తిరుగుతుంది. వేగం తగ్గించే ఎల్2, పెంచే ఆర్2 కలిపి నొక్కి స్టిక్ లాగితే ఇంకా ఇరుకైన మలుపు పడుతుంది, కానీ వేగం కరిగిపోయి విమానం స్టాల్ అవుతుంది, అంటే గాలిలో నిలవలేక జారుతుంది. అప్పుడు స్టిక్ ఇంకా వెనక్కి లాగితే కూలుతుంది. ముక్కు కిందికి దించి ఆర్2 పట్టుకోవాలి, వేగం వచ్చాకే పైకి లేపాలి. అందుకే నేలకు దగ్గరలో ఈ మలుపు వద్దు. మేఘాల్లో దూరితే మిసైల్ పట్టు సడలుతుంది, కానీ ఎక్కువసేపు ఉంటే మంచు పట్టి విమానం బరువెక్కినట్టు నడుస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, స్టిక్ వదిలేసినప్పుడు విమానం తనంతట ఒకవైపు దొర్లుతుంటే లోపం కంట్రోలర్‌ది. స్టిక్ ఎటు వాలిందో కొలిచే లోపలి పొటెన్షియోమీటర్‌కు దుమ్ము పట్టి ఉండవచ్చు, లేదా అది అరిగి ఉండవచ్చు. దుమ్మే అయితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే పోవచ్చు. అరుగుదలైతే స్టిక్ మాడ్యూల్ మొత్తం మార్చాలి, దానికి సోల్డరింగ్ తెలిసిన చేయి కావాలి.

మీ సాంకేతిక పేజీలో ఆటల పరిచయంతో పాటు ఈ సెట్టింగులు కూడా తెలుగులో వేయండి.

- ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు