ఓట్లడుగుతున్న బిడ్డకు

హనుమకొండ,
ఆదివారం

చి.ల.సౌ. స్రవంతికి బాపు దీవించి రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం. మీ అమ్మ మోకాళ్లు ఎప్పటి లెక్కనే ఉన్నయి. మెట్లెక్కొద్దని డాక్టర్ చెప్పిన కాడి నుంచి ఆమెకు మిద్దె మీదనే పని ఎక్కువైంది. వడియాలు పెట్టుడు, పిట్టలను కొట్టుడు, మళ్ల వచ్చి కాళ్లు నొస్తున్నయనుడు.

ఫోన్ ఉండంగ ఉత్తరమేంది బాపూ అంటవు. ఫోన్ చేస్తే 'మీటింగ్‌ల ఉన్న, మళ్ల చేస్త' అంటవు. ఉగాది నాడు అన్న 'మళ్ల' ఇంక రాలే. కాగితమైతే మధ్యల కట్ చెయ్యరాదు, అందుకే రాస్తున్న. వేరే విశేషం ఏం లేదు.

ఎండలు మండుతున్నయి. పొద్దున ఆరింటికే భద్రకాళి బండ్ మీద నడక ముగించుకొని వస్తున్న. చింటుకు సెలవులిచ్చిండ్రా? ఇస్తే పంపు. అక్కడ ఫ్లాట్‌ల కూసొని ఫోన్ చూసే బదులు ఇక్కడ తాటి ముంజలు తింటడు. పెద్దబాపు ఆపరేషన్ అయినంక మంచిగనే తిరుగుతున్నడు. నీ ఓటు సంగతి ముందుగాల ఆయననే నాకు చెప్పిండు.

ఓటంటే యాదికొచ్చింది. మన ఇంటిపేరు గ్రూపుల నువ్వు పెట్టిన లింకు చూసిన. టాప్ 50 మహిళా వ్యాపారవేత్తలు, మీ ఓటు నాకే అని. నేను వేసిన. మీ అమ్మ ఫోన్ నుంచి గూడ వేసిన. కిట్టుగాడు మూడు మెయిల్ ఐడీలు పెట్టి మూడు వేసిండు. చిన్నమ్మ మనుమడు, ఐదో తరగతి పోరడు, వాడూ వేసిండు. నువ్వు ఏం నేయిస్తున్నవు, ఎన్ని మగ్గాలకు పనిస్తున్నవు, కొన్నోళ్లు ఏమంటున్నరు, ఆ పేజీ ఒక్క మాట అడగలే. పేరు, ఫోన్ నంబరు, మెయిల్ అడిగింది, అంతే. అప్పటి సంది నాకు దినాం లోన్ కావాల్నా అని ఫోన్లు. మీ అమ్మకు గూడ వస్తున్నయి. ఆమె ఆ పిల్లలతోటి మంచిగనే మాట్లాడుతున్నది, నువ్వే చెయ్యవు గదా.

2007ల నువ్వు చేసిన పని యాదున్నదా? అప్పుడు బడి పిల్లవు. నా నోకియా ఫోన్‌ల బ్యాలెన్స్ అంత తాజ్‌మహల్‌కు ఎస్సెమ్మెస్‌లు కొట్టినవు. అడిగితే 'దేశం కోసం బాపూ' అన్నవు. జూలై 7న లిస్బన్‌ల ఫలితాలు చెప్పిండ్రు, కొత్త ఏడు వింతల్ల తాజ్‌మహల్ ఉన్నది, నువ్వు ఇల్లంత ఎగిరినవు. ఆ పోటీ పెట్టింది ఒక ప్రైవేటు సంస్థ. ఫోన్ ఓటుకు పైసలు, ఒక్కరే ఎన్నన్న వెయ్యొచ్చు. మాకు దీనితోటి సంబంధం లేదని యునెస్కో ముందుగాలనే చెప్పింది. తాజ్‌మహల్‌కు ఏం తక్కువ? ఓటు వెయ్యకున్నా అది తాజ్‌మహలే. మన రామప్పకు 2021 జూలైల యునెస్కో వారసత్వ హోదా వచ్చినప్పుడు మనం ఒక్క మెసేజ్ కొట్టలే. 1213 నాటి గుడి. యునెస్కోకు సలహాలిచ్చే ఇకోమోస్ సంస్థ తరఫున నిపుణులు పాలంపేటకు వచ్చి చూసిండ్రు. ఇసుక పునాది, నీళ్లల్ల తేలే ఇటుకలు, అన్నీ కాగితాల మీద పెట్టాల్సి వచ్చింది, కొర్రీలు వేస్తే మళ్ల జవాబులు రాయాల్సి వచ్చింది. దేశాల మద్దతు కూడగట్టుడు అక్కడ గూడ ఉంటది, లేదనను. కాని గుడి మొఖం చూడకుండ మార్కులెయ్యలే.

సరే, ఇడిచిపెట్టు. మొన్న పోచమ్మ మైదాన్ కాడ నీ మగ్గాల సాంబయ్య కలిసిండు. 'బిడ్డ మంచిగున్నదా అన్నా' అని అడిగిండు. మంచిగున్నదన్న. చాయ్ తాగినం. లేచేటప్పుడు మళ్ల అడిగిండు, 'బిడ్డ మంచిగున్నది గదా' అని. ఆ మనిషి ఏదో మాట మింగిండు. తర్వాత రాస్త ఆ సంగతి.

నువ్వు ఎల్‌కేజీల ఉన్నప్పటి ముచ్చట ఒకటి చెప్త. మన ప్రింటింగ్ ప్రెస్‌కు ఒకాయన వచ్చిండు, తెల్ల బట్టలు, చేతుల బ్యాగు. ఏదో సేవా సంస్థకు అధ్యక్షుడినన్నడు. ఉగాది పురస్కారాల సర్టిఫికెట్లు కావాలె, మందం ఆర్ట్ కార్డు, బంగారు రంగు బార్డరు. మ్యాటర్ ఇచ్చిండు. 'శ్రీ/శ్రీమతి' అని చుక్కలు, 'ఉత్తమ' అని మళ్ల చుక్కలు. పేర్లేవి సార్, డీటీపీల కొట్టిస్త అన్న. పేర్లు ఇంక రాలేదు, అడ్వాన్సులు వస్తున్నయి అన్నడు. అప్పుడు నాకు అర్థం గాలే, ఎవరి అడ్వాన్సులని. ప్రోగ్రాం నాడు పబ్లిక్ గార్డెన్ కాడికి నన్ను, మన ఆర్టిస్ట్ రాజన్నను రమ్మన్నడు. స్టేజీ ఎనక బెంచీ వేసి రాజన్నను కూసోబెట్టిండు. ఒక్కొక్కరు వచ్చుడు, అధ్యక్షుని బామ్మర్ది రసీదు చూసుడు, రాజన్న చెవుల పేరు చెప్పుడు, రాజన్న బ్రష్ తోటి రాసుడు. మిగిలిన పైసలు కట్టనోళ్ల సర్టిఫికెట్లు బల్ల కింద. మంత్రిగారు వస్తరన్నరు, రాలే. ఇద్దరు డాక్టర్లు, ఎదురెదురు దవాఖానలు, మొఖాలు చూసుకోరు. ఇద్దరికీ 'ఉత్తమ వైద్యశాల, జిల్లాలో ప్రథమం'. పక్కపక్క కుర్చీలల్ల కూసున్నరు, ఒకని షీల్డు ఒకడు చూసిండు. ఒకాయన లేచి మైక్ కాడికి పోబోయిండు, ఆయన భార్య చెయ్యి పట్టి కూసోబెట్టింది. ఇచ్చిన పైసలు సభల చెప్పుకునేవి గావు గదా! టెంట్ హౌస్ ఆయన కిరాయి అడిగితే 'ఉత్తమ సంఘసేవకుడు' అయిండు. తెల్లారి నేను బిల్లు తీసుకొని పోయిన. అధ్యక్షుడు లోపలికి పోయి షీల్డు తెచ్చి నా చేతుల పెట్టిండు, 'ఉత్తమ ముద్రాపకుడు'. బిల్లు ఎటు పోయిందో ఇప్పటికీ తెల్వది. ఆ షీల్డు తోటే నువ్వు చిన్నప్పుడు మామిడి టెంకలు పగులగొట్టినవు.

అదే వారం జిల్లా ఎడిషన్‌ల ఆ ఇద్దరు డాక్టర్ల ఫోటోలు వచ్చినయి, పక్కనే వాళ్లవే దవాఖానల యాడ్లు. రాసిన పోరడు నాకు తెల్సు. జీతం లేదు, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చే పైసల మీద బతుకు. పండుగొస్తే ఇన్ని యాడ్లు తేవాలెనని పైనుంచి టార్గెటు. యాడిచ్చినోని మీద వాడు ఎట్ల రాస్తడు చెప్పు. వానిని అననీకి నాకు నోరు రాదు.

ఇది మన ఊరి చిల్లర సంగతి అనుకోకు. 2009 ఎన్నికలల్ల పైసలిచ్చి వార్తలు రాయించుకున్నరని గొడవైతే ప్రెస్ కౌన్సిల్ విచారణకు ఇద్దరు జర్నలిస్టులను వేసింది, పరంజోయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి. 71 పేజీలు రాసిచ్చిండ్రు, పేర్ల తోటి. కౌన్సిల్ 2010ల దాన్ని పక్కకు పెట్టి, కుదించిన నివేదికను బయటికిడిచింది. పూర్తిది 2011ల సమాచార కమిషన్ చెప్తేనే బయటపడ్డది. కిట్టు వాళ్లన్న డల్లాస్ నుంచి ఇంకోటి చెప్పిండు. బెటర్ బిజినెస్ బ్యూరో అని 1912 నాటి సంస్థ, అక్కడ దుకాణం మంచిదా కాదా అని దాని గ్రేడు చూసి నమ్ముతరంట. 2010ల లాస్ ఏంజెల్స్‌ల కొందరు వ్యాపారులు, చూద్దామని, 'హమాస్' పేరుతోటి ఉత్త కంపెనీ ఒకటి పెట్టి 425 డాలర్లు కట్టిండ్రు. 'A-' (ఏ-మైనస్) గ్రేడ్ వచ్చింది! ఏబీసీ టీవీ బయటపెట్టింది, 2013ల ఆ గ్రేడిచ్చిన లాస్ ఏంజెల్స్ శాఖను సంస్థల నుంచే తీసేసిండ్రు. పెద్ద పేరున్నోళ్ల కాడనే అట్లుంటే, మొన్న పుట్టిన వెబ్‌సైట్ ఇచ్చే ర్యాంకు ఎంత?

ఉపన్యాసం ఇస్తలేను. నీ అవార్డు తోటి వచ్చిన పత్రిక గూడ చూసిన, కిట్టు తెచ్చిండు. ముఖచిత్రం మీద నువ్వు, నీలం చీర, మంచిగున్నవు, జర చిక్కినవు. నేను ప్రెస్ మనిషిని, నా కన్ను ముందు ఫోటో మీదికి పోదు, చివరి పేజీ కిందికి పోతది. అచ్చేసింది ఎవరు, ఎక్కడ, ప్రచురణకర్త ఎవరు. 1867 చట్టం కాలం నుంచి ప్రతి పత్రిక మీద ఉండే లైను. అది లేదు. రిజిస్ట్రేషన్ నంబరు లేదు. మీ చిన్నమ్మ కోడలు చెల్లెలికి, గదే కరీంనగర్‌ల బ్యూటీ పార్లర్ ఆమెకు, ఆమెకు గూడ అవార్డు వచ్చిందట. ఆమె పత్రిక ఫోటో తెప్పించి చూసిన. నెల అదే, సంచిక నంబరు అదే, లోపలి పేజీలు అవే, మీద మొఖం ఆమెది. డిజిటల్ ప్రింట్ తీస్తే ఎంతమంది పైసలు కడితే అంతమందికి ముఖచిత్రాలు. పేపర్ వెబ్‌సైట్‌ల నీ మీద వచ్చిన వార్త కింద సన్నటి అక్షరాలు చదివినవా? 'ఇందులోని విషయాలతో మా సంపాదకవర్గానికి సంబంధం లేదు' అని ఉన్నది. రాసినోడే నాది కాదంటే ఇంక ఎవనిది తల్లీ?

నువ్వేమంటవో నాకు తెల్సు. బాపూ, ఆన్‌లైన్‌ల కొనేటోళ్లు బ్యాడ్జి చూస్తరు, బ్యాంకు మేనేజర్ చూస్తడు, అందరు చేస్తున్నరు అంటవు. అది అబద్ధం అననీకి లేదు. ఎంసెట్ ఫలితాలు రాంగనే ఒకే పిల్లగాని ఫోటో రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద మనమే కొట్టినం, తల్లిదండ్రులు వాటిని చూసే ఫీజులు కట్టిండ్రు. 2024 నవంబరుల కేంద్రం కోచింగ్ సెంటర్ల ప్రకటనల మీద నియమాలు తెచ్చేదాక ఆగిండ్రా? కాని కాకాజీ కాలనీ టీచరమ్మ నీ జంపఖానా రెండోది కొన్నది, మూడోది బిడ్డ పెండ్లికి చెప్పింది. ఆమె నీ బ్యాడ్జి చూసిందా? నాలుగేండ్లు ఉతికినా రంగు దిగలేదని చెప్పింది, నాకే చెప్పింది.

గుర్తింపు కావాలంటే ఉన్నది. 2018ల మన ఓరుగల్లు జంపఖానాలకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. చెన్నై రిజిస్ట్రీ నేత ఎట్ల, ఎప్పటి నుంచి, ఏ ఊర్లల్ల అని ఆధారాలు అడుగుతది. జర్నల్‌ల అచ్చేసి అభ్యంతరం ఉన్నోళ్లకు మూడు నెలల గడువిస్తది. ఇప్పుడు నువ్వు, నీ నేతగాళ్లు అధీకృత వినియోగదారులుగ, అంటే ఆ గుర్తింపు వాడుకునే హక్కున్నోళ్లుగ పేరు ఎక్కించుకోవచ్చు. 2020ల దాని రుసుం 500 నుంచి 10 రూపాయలకు తగ్గించిండ్రు. పది రూపాయలు! చేనేత గుర్తు (హ్యాండ్లూమ్ మార్క్) గూడ 2006 నుంచి ఉన్నది. ఎక్కించుకున్నవా? ఎక్కించుకుంటే ఫోటో పెట్టు, దానికి నేను ఓటేస్త.

సాంబయ్య సంగతి తర్వాత రాస్తనన్న గదా. ఆయన చెప్పలే. కొత్తవాడల వేరేటోళ్లు చెప్పిండ్రు. రెండు బిల్లుల కూలి ఆగిందట, అడిగితే వచ్చే నెల అన్నవట. ఇంకో మాట గూడ అంటున్నరు, ఆ అవార్డు ప్యాకేజీ లక్షా యాభై వేలని, హోటల్ల టేబుల్ వేరే అని. అది నిజమా కాదా నేను అడుగను. నీ సంపాదన, నీ ఇష్టం. కాని మగ్గం మీద కూసున్నోనికి వచ్చే నెల అంటే ఏందో నీకు తెల్సు. చిన్నప్పుడు సాంబయ్య కాక ఇంట్ల సగం పెరిగినవు, ఆ మగ్గం గుంతల కాళ్లు పెట్టి ఆడినవు. అతని పెండ్లాము నూలు కండెలు చుట్టుకుంట నీకు అన్నం తినిపించింది. నీ ఫోటో ఉన్న పేపరు కత్తిరించి గోడకు అంటించిండు ఆ మనిషి, కిట్టు చూసి వచ్చిండు. పైసలు అడగలేక రెండుసార్లు నీ క్షేమం అడిగిండు.

కూలికి తక్కువ పడితే చెప్పు. ఈ నెల నాది ఒక ఎఫ్‌డీ వస్తది. అల్లునికి చెప్పకుండ ఇయ్యను, ఇద్దరు కలిసి అడుగుండ్రి. ఎవరెవరికి ఎంత అని కాగితం రాసి పంపు, నేనే కొత్తవాడకు పోయి ఇచ్చి సంతకాలు తీసుకుంట. నువ్వు వచ్చి నీ చేతులతోటి ఇస్తే ఇంక మంచిది. చింటును గూడ తోల్కరా.

కిట్టు శనివారం బస్సుకు వస్తున్నడు, ఉప్పల్‌ల దిగుతడు, అల్లుణ్ని పంపు. మామిడికాయ తొక్కు, వడియాలు, చింటుకు సకినాలు పంపుతున్నం. తొక్కుల తడి గంటె పెట్టకు. పొద్దున తినకుండ మీటింగులకు పోకు, ముఖచిత్రంల దవడలు కనబడుతున్నయి.

మీ బాపు

తా.క.: మీ అమ్మ పక్కన కూసొని రాయుమంటున్నది. అవార్డు ఫోటోల నీ మెడల నల్లపూసలే ఉన్నయట, పుస్తెలతాడు కనబడలేదట. లాకర్ల పెట్టినవా, ఇంకెక్కడన్న పెట్టినవా, సూటిగ చెప్పాలెనట. నాకు చెప్పకున్నా ఆమెకు చెప్పు, రాత్రి తొమ్మిది దాటినంక చెయ్యి, అంతకు ముందు సీరియల్. తొక్కు డబ్బా ఖాళీ చేసి కిట్టు తోటే పంపు, పోయినసారి రెండు స్టీలు డబ్బాలు అక్కడనే ఉండిపోయినయి.