తప్పు దిద్దే ముందు చరిత్ర చూపండి

సంపాదకుడు గారికి,

కార్ల డీలర్ల దగ్గర తమ వివరాలు తారుమారయ్యాయని ఎవరు అడిగినా కౌంటరులో దొరికే జవాబు ఒకటే: "టైపింగ్ పొరపాటండీ, ఇప్పుడే మార్చేస్తాం." అడిగినవారు తృప్తిపడి వెళ్లిపోతారు. పాత నమోదు తెర మీద నుంచి మాయమవుతుంది. నా అభ్యంతరమంతా ఆ మాయమవడం గురించే. ఖాతాల తనిఖీలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, అనుమానం రేపే తప్పును ఆరా తీయకుండా దిద్దేయడమంటే సాక్ష్యాన్ని తుడిచేయడమే.

తప్పులన్నీ మోసాలు కావు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే ఫోను నంబరు ఇస్తారు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారినప్పుడు ఒక మనిషి రెండు ఖాతాలవుతాడు, ఒకే పేరున్న ఇద్దరు ఒక ఖాతాలో కలిసిపోతారు. వేలు జారితే ఒక అంకె మారుతుంది, పక్కపక్క అంకెలు చోట్లు మార్చుకుంటాయి. ఇలాంటివి చూడగానే పోల్చుకోవచ్చు. ఫోను నంబరు మొత్తానికి మొత్తం మారి, ఆ స్థానంలో వేరెవరిదో వాడుకలో ఉన్న నంబరు కూర్చుంటే మాత్రం అది వేలు జారడం కాదు. ఇంకొక గుర్తు ఉంది. నిజమైన పొరపాట్లు అన్ని వైపులకూ పడతాయి, కొన్నిటి వల్ల కొనుగోలుదారుకు నష్టం, కొన్నిటి వల్ల డీలరుకే నష్టం. అన్నీ ఒకే మనిషికో ఒకే విభాగానికో లాభం తెస్తుంటే వాటిని పొరపాట్లుగా సరిపెట్టుకోకూడదు.

ఫోను నంబరు మారిస్తే ఎవరికేం లాభమని చాలామంది అడుగుతారు. సర్వీసు అయ్యాక తయారీ సంస్థ మన అభిప్రాయం అడుగుతుంది. ఆ మార్కులను బట్టి డీలరుకు, సిబ్బందికి ప్రోత్సాహకాలు అందే పద్ధతి ఈ వ్యాపారంలో మామూలే. అసంతృప్తితో వెళ్లిన మనిషి నంబరు స్థానంలో తెలిసినవారి నంబరు పెడితే మార్కులు నిండుగా వస్తాయి. అదే నంబరుకు ధ్రువీకరణ సంకేతాలు (ఓటీపీలు), బిల్లులు కూడా వెళతాయి కాబట్టి, చేయని ఉచిత సర్వీసు చేసినట్టు, మార్చని భాగం వారంటీలో మార్చినట్టు రాసి తయారీ సంస్థ దగ్గర సొమ్ము వసూలు చేసుకున్నా కారు యజమానికి తెలియదు. నిజంగా ఆ భాగం పాడైన రోజున "ఇది ఇంతకుముందే మార్చారు కదా" అన్న మాట వినాల్సి వస్తుంది. అప్పుడు కాదని నిరూపించుకునే భారం యజమాని మీద పడుతుంది. ఇది ఘోరమైన అన్యాయం.

ఛాసిస్ నంబరు సంగతి చూడండి. అందులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఒకటి, సున్నాలతో పొరబడే ప్రమాదం ఉందని ఇంగ్లీషులోని ఐ, ఓ, క్యూ అక్షరాలను అందులో వాడరు. ఉత్తర అమెరికా వాహనాలలో తొమ్మిదో స్థానంలో ఉన్న అంకె మిగతావాటితో లెక్క సరిపోవాలి కూడా. పొరపాటును పసిగట్టే ఏర్పాటు ఆ నంబరులోనే ఉందన్నమాట. అయినా సర్వీసు పనులు రాసే జాబ్ కార్డు మీద ఇంకో కారు ఛాసిస్ నంబరు ఒక్క అక్షరం పొల్లుపోకుండా నమోదైతే, అది అజాగ్రత్తగా చేసిన పని అంటే నేను నమ్మలేను.

కారు ఎంత దూరం నడిచిందో చూపే ఓడోమీటర్ రీడింగు కూడా అంతే. గత సర్వీసు నాటి కంటే తక్కువ రీడింగు ఎక్కితే సాఫ్ట్‌వేర్ ఆగిపోవాలి, వివరణ అడగాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ అంచనా ప్రకారం ఆ దేశంలో ఏటా 4,50,000కు పైగా వాహనాలు తప్పుడు ఓడోమీటర్ రీడింగుతో అమ్ముడవుతున్నాయి. పాత కారు కొనేవారు ఆ మోసాన్ని పట్టుకోవడానికి ముఖ్య ఆధారం సర్వీసు రికార్డే. ఆ రికార్డూ కలుషితమైతే వారికి దిక్కెవరు?

డబ్బు సంగతి పక్కన పెట్టినా, ప్రాణాల సంగతి ఉంది. జపాన్‌కు చెందిన తకాటా సంస్థ ఎయిర్‌బ్యాగుల ఉదంతం గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి, తేమకు గురై లోపలి రసాయనం చెడిపోయి, ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు ముక్కలు ఎగిరి మనుషుల ప్రాణాలు తీశాయి. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల ఎయిర్‌బ్యాగులను వెనక్కి పిలిచారు. అలాంటి హెచ్చరిక యజమానికి చేరాలంటే రికార్డులో పేరు, చిరునామా, ఫోను సరిగా ఉండాలి. ప్రోత్సాహకం కోసం నంబరు మార్చిన ఉద్యోగి ఆ హెచ్చరిక దారిని కూడా మూసేస్తున్నాడు. అతనికి ఆ ఆలోచన ఉండకపోవచ్చు. పైవాళ్లకైనా ఉండాలి కదా.

చట్టం ఏమంటోందన్నది కూడా చూద్దాం. యూరప్‌లో 2018 నుంచి అమలవుతున్న డేటా రక్షణ నిబంధనలు తప్పును సరిచేయించుకునే హక్కు ఇచ్చాయి. భారత్‌లో 2023లో చేసిన చట్టంలోనూ ఆ హక్కు ఉంది. దిద్దించుకునే హక్కుతోనే ఆగిపోకూడదని నా వాదన. ఫిన్లాండ్‌లో ఒక బ్యాంకుకు సంబంధించిన కేసులో 2023 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం, తన వివరాలను ఎప్పుడు, ఏ అవసరం కోసం తెరిచి చూశారో తెలుసుకునే హక్కు ఖాతాదారుకు ఉందని చెప్పింది. తెరిచిన ఉద్యోగుల పేర్లు మాత్రం, తన హక్కుల కోసం తప్పనిసరి అయితే తప్ప, ఇవ్వనక్కరలేదంది. సమంజసమైన తీర్పు. కార్ల డీలర్ల దగ్గరా అదే పద్ధతి రావాలి. ఏ తేదీన, ఏ కారణంతో, ఏ వివరం మారిందో యజమానికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉద్యోగి పేరు తయారీ సంస్థ తనిఖీదారుకు తెలిస్తే చాలు. ఫోను నంబరు మారిన ప్రతిసారీ పాత నంబరుకు సందేశం వెళ్లాలి. ఈ ఒక్క ఏర్పాటుతో సగం అక్రమాలు ఆగుతాయని నా నమ్మకం.

కారు యజమానులకు నా మనవి: తప్పు కనబడితే దిద్దమని అడిగే ముందే దాని నకలు తీసుకోండి. సర్వీసు చరిత్ర మొత్తం అడిగి, మీ దగ్గరున్న బిల్లులతో పోల్చుకోండి. ఫిర్యాదు నోటిమాటగా కాక రాతలో పెట్టండి, ఒక ప్రతి నేరుగా తయారీ సంస్థకు పంపండి.

ఇక ఆ షోరూములలో పనిచేసే చిన్న ఉద్యోగుల గురించి. చాలాచోట్ల కౌంటరులో అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడతారు. అలాంటప్పుడు మార్చింది ఎవరో తేలదు, నింద చివరకు అందరికంటే కొత్తగా చేరిన వారి మీద పడుతుంది. తప్పుడు నమోదులను గమనించి నోరు విప్పాలనుకునేవారు కూడా ఆ భయంతోనే ఊరుకుంటారు. ప్రతి ఉద్యోగికీ విడిగా లాగిన్ ఇవ్వాలి, తేడా గమనించినవారు పేరు బయటపడకుండా తయారీ సంస్థకు నేరుగా చెప్పుకునే మార్గం ఉండాలి. ఈ రెండింటికీ డీలర్లను ఒప్పించే అధికారం తయారీ సంస్థల చేతిలో ఉంది, డీలర్‌షిప్ ఒప్పందాలు రాసేది వారే.

— ఒక పాఠకుడు