కార్యదర్శి వార్షిక నివేదిక, 2024–25: ఉచిత సాఫ్ట్‌వేర్‌కు చందా దేనికి?

సభ్య గ్రంథపాలకులకు నమస్కారం.

ఈసారి సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటే: "డీస్పేస్ ఉచితమే కదా, మళ్లీ చందా దేనికి?" కార్యక్రమాల కంటే ముందు దానికే జవాబు చెబుతాను. డీస్పేస్ అంటే సిద్ధాంత వ్యాసాలు, పరిశోధన పత్రాల వంటివాటిని కంప్యూటర్‌లో భద్రపరచి, వెతుక్కునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్.

అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, హెచ్‌పీ కంపెనీ పరిశోధన విభాగమైన హెచ్‌పీ ల్యాబ్స్ కలిసి 2002లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌ను దింపుకోవడానికి పైసా అక్కర్లేదు. నిలబెట్టుకోవడానికి మాత్రం డబ్బూ కావాలి, మనుషులూ కావాలి. పుట్టించిన సంస్థలే ఎల్లకాలం పోషించలేవు గనుక 2007లో దానికి ఒక ఫౌండేషన్ ఏర్పడింది. 2009లో అది, ఇలాంటిదే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఫెడోరా కామన్స్‌తో కలిసి డ్యూరాస్పేస్ అయింది. 2019లో డ్యూరాస్పేస్, గ్రంథాలయాలకు సేవలందించే లైరాసిస్‌లో విలీనమైంది. ఇవన్నీ లాభాపేక్ష లేని సంస్థలే. సభ్య సంస్థలు కట్టే వార్షిక రుసుము సాంకేతిక సారథ్యానికీ, విడుదలల సమన్వయానికీ ఆధారం. కోడ్‌లో చాలా భాగం విశ్వవిద్యాలయాలు, సేవా సంస్థలు తమ సిబ్బంది చేత రాయించి ఇచ్చేదే. 2016లో వెర్షన్ 6.0 వచ్చాక 7.0 కోసం 2021 దాకా ఎదురుచూశాం. పాత ఇంటర్‌ఫేసులు (వాడేవారికి కనిపించే తెరలు) రెండింటినీ పక్కనపెట్టి కొత్తది మొదటి నుంచి కట్టాల్సి వచ్చింది మరి.

6వ వెర్షన్‌కు మద్దతు 2023లోనే ఆగిపోయినా మన కళాశాలల్లో కొన్ని ఇంకా దాని మీదే ఉన్నాయి. పాత థీములు (తెర రూపురేఖలు) కొత్త వెర్షన్‌లో పనికిరావు, సర్వర్‌కు మెమరీ ఎక్కువ కావాలి. "నడుస్తున్నదాన్ని ఎందుకు కదపడం?" అనే యాజమాన్యాన్ని ఒప్పించడం వీటన్నిటికంటే కష్టం. అందుకే ఈ ఏడాది శిక్షణ తరగతులన్నీ కొత్త వెర్షన్‌కు మారడానికే కేటాయించాం.

రచయితల పేర్ల మీద జరిగిన చర్చ మాత్రం అనుకున్నదానికంటే చాలాసేపు సాగింది. డీస్పేస్‌లో పత్రం ఎక్కించేటప్పుడు నింపే సమర్పణ ఫారంలో ఇంటిపేరుకు ఒక గడి, అసలు పేరుకు ఒక గడి ఉంటాయి. మన వాళ్లలో చాలామందికి ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే. ఒకరు "లక్ష్మి, కె." అని, మరొకరు "కె., లక్ష్మి" అని, ఇంకొకరు పూర్తి ఇంటిపేరుతో నింపుతారు. రచయితల జాబితాలో ఒకే మనిషి ముగ్గురై కూర్చుంటారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే గ్రంథాలయ నెట్‌వర్క్ కేంద్రం నడిపే, దేశంలోని సిద్ధాంత వ్యాసాల భాండాగారం శోధగంగ కూడా డీస్పేస్ మీదే ఉంది. అక్కడికి వెళ్లే సిద్ధాంత వ్యాసాలకూ ఇదే చిక్కు. సభ్యులందరికీ ఒకే నియమం ఉండాలని ముసాయిదా రాశాం, ఓర్కిడ్ సంఖ్య (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి చేయాలా అన్నది ఇంకా తేలలేదు.

డీస్పేస్ బదులు, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో పుట్టిన ఇలాంటి సాఫ్ట్‌వేరే అయిన ఈప్రింట్స్ వాడే సభ్యులకు ఈసారి ప్రత్యేక కార్యక్రమం పెట్టలేకపోయాం.

రాబోయే ఏడాదికి కార్యవర్గం రెండు ప్రతిపాదనలు చేస్తోంది. మొదటిది, చందాలో కొంత భాగం లైరాసిస్ సభ్యత్వం కోసం విడిగా జమచేయడం. రెండోది, ప్రతి విడుదలకు ముందు జరిగే సామూహిక పరీక్షలో తెలుగు మెటాడేటాను (శీర్షిక, రచయిత పేరు వంటి వివరాలను) మనమే పరీక్షించడం. దానికి కోడ్ రాయడం రానక్కర్లేదు. పత్రం ఎక్కించి, వెతికి, తేడా కనిపిస్తే దశలవారీగా రాసి పంపితే చాలు. అందుకు సిద్ధంగా ఉన్న గ్రంథపాలకులు తాము వాడుతున్న వెర్షన్ వివరాలతో కార్యవర్గానికి పేరు ఇవ్వాలి.