వార్షిక నివేదిక 2024–25: కార్యదర్శి నుంచి సభ్యులకు

గౌరవ అధ్యక్షులకు, పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు అస్సలాము అలైకుమ్.

మన సంఘం ఏం చేస్తుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. పిల్లల స్కాలర్‌షిప్ అర్జీలు, రంజాన్ రేషన్ కిట్లు, నికాహ్ సాయం, జనాజా ఖర్చులు ఎప్పటిలాగే సాగాయి. బాబా మెట్ట ఉర్సు రోజుల్లో మంచినీళ్ళ పందిరి వేశాం. అద్దె తీసుకోకుండా సామాను ఇచ్చిన టెంట్ హౌస్ భాయ్‌కి, మూడు రోజులూ బిందెలు మోసిన మూడు లాంతర్ల దగ్గరి ఆటో తమ్ముళ్ళకు షుక్రియా. ఈ పనుల గురించి ఇంతటితో ఆపుతాను, ఎందుకంటే ఈ ఏడాది మనం చేసిన అసలు పని వేరే ఉంది. షాదీఖానాలో నవ్వుల గ్యాస్ మీద పెట్టిన సభ అది.

పోయిన వేసవిలో మన పేట కుర్రాడు ఒకడు లండన్ నుంచి తిరిగొచ్చాడు. చదువుకని వెళ్ళినవాడు విశాఖ ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో దిగాడు. ఇంట్లోవాళ్ళు డిస్క్ జారిందని చెప్పారు, మేమూ నమ్మాం. రెండు నెలల తర్వాత వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి మా ఆవిడ పక్కన కూర్చుని ఏడ్చినప్పుడు గానీ సంగతి బయటపడలేదు. పేరు చెప్పకుండా రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది.

పగలు క్లాసులు, రాత్రి గోడౌన్‌లో డ్యూటీ. తూర్పు లండన్‌లో ఒకే గదిలో ఉండే స్నేహితులు నవ్వుల గ్యాస్‌ని బెలూన్‌లో నింపి పీల్చడం అలవాటు చేశారు. కేకు క్రీమ్‌ని నురగగా చేయడానికి వాడే గ్యాసే ఇది, నైట్రస్ ఆక్సైడ్. ఎనిమిది గ్రాముల చిన్న డబ్బాతో మొదలుపెట్టి పెద్ద సిలిండర్ల దాకా వెళ్ళాడు. "అంకుల్, ఇది మందు కాదు కదా, హరాం కాదనుకున్నాం. నోరు వాసన రాదు. రెండు నిమిషాల్లో దిగిపోతుంది, ఇంటికి ఫోన్ చేస్తే అమ్మీకి కూడా తెలియదు" అన్నాడు నాతో. ఆ మాట దగ్గరే నాకు నిద్ర పట్టడం మానేసింది. మందు ముట్టని ఇంట్లో పెరిగిన పిల్లలకు సరిగ్గా ఈ దారే తెరిచి ఉంది. తూర్పు లండన్ ఆసుపత్రులకు ఈ గ్యాస్‌తో కాళ్ళు చచ్చుబడి వస్తున్నవాళ్ళలో దక్షిణాసియా కుటుంబాల కుర్రాళ్ళు చాలామంది ఉన్నారని అక్కడి డాక్టర్లే చెబుతున్నారు. మన మతంవాళ్ళకు అంటుకున్న జబ్బు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. కానీ మనవాళ్ళలో లేదని కళ్ళు మూసుకున్నా ఊరుకోను.

సభకు సుమారు 180 మంది వచ్చారు, సగానికి పైగా తల్లులే. ఆ అబ్బాయి చేతికర్ర పట్టుకుని తనే స్టేజి ఎక్కాడు. మొదట అరికాళ్ళు తిమ్మిరెక్కాయట. దూది మీద నడిచినట్టు ఉండేదట. కాలికి చెప్పు ఉందో జారిపోయిందో చూసుకుంటే గానీ తెలిసేది కాదట. చీకట్లో బాత్రూంకి గోడ పట్టుకుని వెళ్ళేవాడు. ఇదంతా చెబుతుంటే హాల్లో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. నేను కార్యదర్శి అయ్యాక ఇంత గొప్ప సభ చూడలేదు. ఆ పిల్లవాడి ధైర్యానికి సంఘం తరఫున సలాం.

సభకు వచ్చిన పళ్ళ డాక్టరు గారు అందరికీ అర్థమయ్యేలా చెప్పారు. ఆసుపత్రిలో ఈ గ్యాస్‌ని ఆక్సిజన్‌తో కలిపి, కొలిచి ఇస్తారు. బెలూన్‌లో ఆక్సిజన్ ఉండదు. ముసుగులోనో మూసిన గదిలోనో పీలిస్తే ఊపిరాడక ప్రాణమే పోతుంది. సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే ఆ చలికి పెదాలు, గొంతు కాలినట్టు అయిపోతాయి. అన్నిటికంటే ముఖ్యం బి12 విటమిన్ సంగతి. ఈ గ్యాస్ ఒంట్లో ఉన్న బి12ను పనికిరాకుండా చేస్తుంది, దాంతో వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతింటుంది. "మేం మాంసం తింటాం, మాకు బి12 లోటేంటి" అని ఒక పెద్దాయన అడిగారు. లోటు లేకపోయినా ఉన్నది చచ్చిపోతుందని డాక్టరు గారి జవాబు. ఈ అబ్బాయి రక్తపరీక్షలో కూడా బి12 నార్మల్ అనే వచ్చింది. దాన్ని చూసి ఒక చోట ఏమీ లేదని పంపేశారు. తర్వాత ఇంకో డాక్టరు "ఏం పీల్చావు?" అని సూటిగా అడిగి, ఒంట్లో బి12 పనిచేస్తోందో లేదో తెలిపే హోమోసిస్టీన్ పరీక్ష రాసి, గ్యాస్ మానిపించి బి12 ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ముందే నిజం చెప్పి ఉంటే కర్ర అవసరం ఉండేది కాదేమో. సిగ్గుపడి దాచిన ఆ నెలలే కాళ్ళను తినేశాయి.

పిల్లల్ని విదేశాలకు పంపుతున్నవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోండి. 2023 నవంబరు 8 నుంచి బ్రిటన్‌లో మత్తు కోసం ఈ గ్యాస్ దగ్గర ఉంచుకోవడం నేరం. రెండేళ్ళ వరకు జైలు పడవచ్చు, అమ్మితే 14 ఏళ్ళ వరకు. నెదర్లాండ్స్‌లో అదే ఏడాది జనవరి నుంచి నిషేధం ఉంది. వీసా మీద ఉన్నవాడికి కేసు అంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక్కడ మన పేటల్లో గ్యాస్ డబ్బాలు నా కంట పడలేదు. వైట్‌నర్ పీల్చేవాళ్ళు, సైకిల్ ట్యూబ్ సొల్యూషన్ పీల్చేవాళ్ళు పడ్డారు. 2019లో ఎయిమ్స్ ప్రకటించిన జాతీయ సర్వేలో మిగతా మత్తులన్నీ పెద్దల్లో ఎక్కువ, పీల్చే మత్తు ఒక్కటే పిల్లల్లో ఎక్కువ అని తేలింది. అందుకే ఇమాం సాహెబ్ ఒక జుమా ఖుత్బాలో "మత్తెక్కించేది ప్రతిదీ హరామే" అనే హదీసు చదివి, బెలూన్ పేరు కూడా ఎత్తి చెప్పారు. మసీదులో ఆ మాట వినబడటం ఎంతో మేలు చేసింది. ఇమాం సాహెబ్‌కు, పోస్టర్లు ఉచితంగా వేసిచ్చిన గంటస్తంభం దగ్గరి ప్రెస్ యజమానికి, చాయ్ పోసిన ఖాలాలకు కృతజ్ఞతలు.

ఇక బాధ కలిగించిన సంగతి. వాలంటీర్లుగా 14 మంది పేర్లిచ్చారు. సభ రోజు కుర్చీలు వేయడానికి వచ్చింది ముగ్గురు. మిగతావాళ్ళు ఫోన్లు ఎత్తలేదు, కానీ సాయంత్రం వాట్సాప్‌లో ఫోటోలు మాత్రం అడిగారు. కాలేజీల్లో మాట్లాడటానికి అనుమతి కోసం ఒక ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్ళాను. "ఇది మన దగ్గర సమస్య కాదు, రాసివ్వండి చూద్దాం" అన్నారు. రాసిచ్చాను. ఆ కాగితం ఇంకా కదల్లేదు. సమస్య కాళ్ళ మీద నడవలేక వచ్చాకే చూస్తారా?

జమాఖర్చులు వెనక పేజీలో జతచేశాం, ఆడిటర్ గారు చూశారు. సభకు అయిన లోటు నలుగురు సభ్యుల చందాలతో పూడింది. బాకీ ఉన్న సభ్యత్వ రుసుము దయచేసి కోశాధికారి గారికి కట్టండి.

మత్తు మానాలనుకునేవాళ్ళకు కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446. అమ్మేవాళ్ళ గురించి చెప్పడానికి మత్తు పదార్థాలను అరికట్టే రాష్ట్ర ఈగల్ విభాగం నంబరు 1972. రెండు నంబర్లూ షాదీఖానా గోడ మీద రాయించాం. కొడుకు గురించి మాట్లాడాలనుకునే తల్లులు మగ్రిబ్ తర్వాత మా ఇంటికి రావచ్చు, మా ఆవిడ ఉంటుంది, విషయం గడప దాటదు. వచ్చే ఏడాది వాలంటీర్ల జాబితా తలుపు దగ్గర బల్ల మీద ఉంది. నిజంగా వచ్చేవాళ్ళే పేరు రాయండి.

కార్యదర్శి
విజయనగరం