పై ఇంటివాళ్ళని ఏమని అడగాలి

కూర్మన్నపాలెం,
ఆదివారం మధ్యాహ్నం

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవించి రాయునది.

ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో చంటాడు ఏడుస్తాడు, నీకు ఆఫీసు కాల్ వస్తుంది, నా మాట సగంలో ఆగిపోతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. పై ఇంటివాళ్ళ చప్పుళ్ళ గురించి రాసిన మెసేజీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టేముందు నాకు చూపించావు, మంచి పని చేశావు. "పై ఫ్లోర్‌లో కొందరికి కనీస సంస్కారం లేదు" అని మొదలుపెట్టావు కదా, అది పెట్టొద్దు. సంస్కారం అన్న మాట చదివాక ఎవరూ గ్రైండర్ గురించి ఆలోచించరు, నీ గురించి ఆలోచిస్తారు. పైగా వాళ్ళది సొంత ఫ్లాటు, మీది అద్దె. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం అసోసియేషన్ అంటే ఓనర్లది. గ్రూపులో నువ్వు ఎంత న్యాయంగా రాసినా చివరికి "అద్దెకున్నవాళ్ళు సర్దుకోవాలి" అనే పెద్దమనిషి ఒకడు తేలతాడు. ఆ మాట పడ్డాక నువ్వు వాళ్ళింటికి వెళ్ళి కూర్చుని మాట్లాడలేవు.

మొన్న మీ ఇంట్లో ఉన్నప్పుడు నేనూ విన్నాను. నువ్వు అన్నీ కలిపి "పైవాళ్ళ గోల" అంటున్నావు గాని, అందులో రకాలున్నాయి, అన్నీ వాళ్ళవీ కావు. తెల్లవారుజామున గోడలోంచి గుర్రుమని వచ్చే మోత సంపు మోటారుది. వాచ్‌మన్‌ని అడిగాను, పై ట్యాంకు ఆ వేళకే నింపుతున్నాడట. గంట ఆలస్యంగా వేస్తే ఎవరి నీళ్ళూ ఆగిపోవు, ఆ మాట సెక్రటరీగారితో చెబితే చాలు. ఇంక కిటికీ దగ్గర టకటకలాడేది వాళ్ళ ఏసీ బయటి యూనిట్. మీరుండే ఎండాడకి సముద్రం ఎంత దూరమని! ఉప్పుగాలికి ఇనప బ్రాకెట్లూ బోల్టులూ తుప్పు పట్టి వదులైపోతాయి, మోటారు తిరిగినప్పుడల్లా కొట్టుకుంటాయి. తలుపులు వేసుకుని చల్లగా పడుకున్నవాళ్ళకి అది వినపడదు, కింద కిటికీ తీసుకున్న నీకు వినపడుతుంది. మెకానిక్ చేత బోల్టులు మార్పించి కింద రబ్బరు ముక్కలు పెట్టిస్తే పోతుంది. వాళ్ళకీ మంచిదే, ఆ యూనిట్ ఊడి కింద పడకుండా ఉంటుంది.

అచ్చంగా వాళ్ళ ఇంట్లోంచి వచ్చేవి మూడు. పొద్దున్నే గ్రైండర్, సాయంత్రం పిల్లాడి పరుగులు, రాత్రి కుర్చీ ఈడ్పు. ఆ కుర్చీ ఇంటర్ చదివే వాళ్ళ పెద్దమ్మాయిది. మీ పడకగది మీదే ఆ పిల్ల గది. పన్నెండు దాకా చదువుతుంది, లేచినప్పుడల్లా కుర్చీ వెనక్కి తోస్తుంది. లిఫ్టు దగ్గర ఆ పిల్లని పలకరిస్తే చెప్పింది. పాపం, ఎంట్రన్సు పరీక్ష భయంతో సగమైపోయింది.

అల్లుడుగారు ఫాల్స్ సీలింగ్ వేయిద్దాం అంటున్నారట. వద్దని చెప్పు. మీ నాన్న వివరంగా చెప్పారు, నేను క్లుప్తంగా రాస్తాను. టీవీ మోత గాలిలో వస్తుంది, తలుపు మూస్తే తగ్గుతుంది. కుర్చీ ఈడ్చినా, ఏదైనా దంచినా స్లాబే అదురుతుంది, కింద మీ గది కప్పంతా డప్పులా మోగుతుంది. అయిదారు అంగుళాల కాంక్రీటు, దానిమీద గట్టి టైల్స్, మధ్యలో మెత్తనిదేదీ లేదు. మీరు కప్పుకి ఎంత అలంకారం చేసినా ఆ అదురు గోడల్లోంచీ స్తంభాల్లోంచీ దిగుతూనే ఉంటుంది. ఒక్కోసారి రెండంతస్తుల పైనుంచి వచ్చింది కూడా నెత్తిమీదే పుట్టినట్టుంటుంది. చప్పుడు పుట్టినచోటే ఆపాలి. కుర్చీ కాళ్ళకి రబ్బరు బుష్‌లు, గ్రైండర్ కింద మందపాటి రబ్బరు షీటో మడత పెట్టిన గోనెసంచో. అద్దె ఇంటి కప్పు మీద వేలకు వేలు పోయడం కన్నా అది నయం కాదూ?

ఇంతకీ నాకు ఇవన్నీ ఎలా తెలుసంటావా? నువ్వు చిన్నప్పుడు ఉక్కునగరం స్టీల్‌ప్లాంటు క్వార్టర్లో నా పనే ఇది. మీ నాన్నకి సీ షిఫ్టు పడితే రాత్రి పదికి డ్యూటీ, పొద్దున ఆరుకి దిగేవారు. ఇంటికొచ్చి స్నానం చేసి పడుకునేసరికి లోకమంతా లేచేది. కుక్కరు విజిలు, పాత సామాన్లవాడి కేక, మెట్ల మీద పిల్లల క్రికెట్టు. పైనున్న పిన్నిగారు పొద్దున తొమ్మిదింటికి రోలు ముందేసుకుని కారం దంచేది. నేను మెట్లెక్కి ఒక్క మాటే చెప్పేదాన్ని, "పిన్నిగారూ, ఈ వారం ఈయనది సీ షిఫ్టండి" అని. "ఓలమ్మ, ముందే చెప్పొద్దేటి!" అని రోలు పక్కన పెట్టేసి మూడు దాటాక దంచుకునేది. ఆవిడ మా మీద దయ తలచి కాదు. తర్వాత వారం వాళ్ళాయనకీ సీ షిఫ్టే పడేది, అప్పుడు నిన్ను కిందకి తోలి ఆడించుకోవడం నా వంతు.

అక్కడ ఎవరు ఎప్పుడు పడుకుంటారో బ్లాకంతా తెలుసు. కలిసినప్పుడు మొదటి ప్రశ్నే "ఏ షిఫ్టు?" అని. మీ అపార్ట్‌మెంట్లో ఎవరి వేళలు ఎవరికీ తెలీవు. నీకు రాత్రి పదకొండు దాకా అమెరికావాళ్ళతో మీటింగులని, చంటాడు తొమ్మిదికి పడుకుంటాడని, పొద్దున్న ఆరున్నర దాకా నీకు నిద్ర కావాలని వాళ్ళకి ఎవరు చెప్పారు? నువ్వు చెప్పలేదు. అల్లుడుగారు బూజుకర్రతో కప్పు పొడిచారు, అంతే కదా. పైవాళ్ళకి అందులోంచి ఏం తెలుస్తుంది, కిందింటాయనకి కోపం వచ్చిందని తప్ప?

కాబట్టి వెళ్ళి చెప్పు. నువ్వే వెళ్ళు, అల్లుడుగారిని పంపకు. మగవాళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడితే మాట కుర్చీ మీద ఆగదు, పార్కింగ్ దాకా పోతుంది. చప్పుడు అవుతున్నప్పుడు వెళ్ళకు, అప్పుడు నీ మొహం నీ చేతిలో ఉండదు. ఆదివారం టిఫిన్లయ్యాక, చంటాణ్ణి ఎత్తుకుని వెళ్ళు. స్వీటు పట్టుకెళ్ళమని మీ అత్తగారు అన్నారట. నాకు ఇష్టం లేదు. గిన్నె ఇస్తే ఆవిడ ఖాళీ గిన్నె తిరిగివ్వదు, ఆవకాయో అరిసెలో వేసి పంపుతుంది. ఆ మర్యాదల్లో అసలు మాట మునిగిపోతుంది. మళ్ళీ నువ్వు నోరు తెరవలేవు. స్నేహం తర్వాత, దానికి పండగలున్నాయి.

"కొంచెం చప్పుడు తగ్గించండి" అని మాత్రం అడగొద్దు. కొంచెం అంటే ఎంత? వాళ్ళు సరే అంటారు, వాళ్ళ లెక్కలో తగ్గిస్తారు, నీకేమీ తేడా తెలియదు, మాట తప్పారని నువ్వు మండిపడతావు. ఒక వస్తువు, ఒక వేళ చెప్పి అడుగు. "ఆంటీ, మా బాబు తొమ్మిదికి పడుకుంటాడండి, మీ పాప గది మా పడకగది మీదే. కుర్చీ జరిపినప్పుడు లేచిపోతున్నాడు. కాళ్ళకి రబ్బరు బుష్‌లు మేమే తెచ్చిస్తాం, వేసుకుంటారా?" అను. దానికి కాదనే మనిషి ఉండదు. అది కుదిరిన వారానికి గ్రైండర్ సంగతి అడుగు. అయిదింటికి బదులు ఆరున్నరకి వేసుకుంటే చాలని, లేదంటే రాత్రి ఎనిమిదికే రుబ్బి పెట్టుకోమని. ఎండాకాలం వేడికి పిండి పులిసిపోతుందంటే ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు, మనం పెట్టుకోవడం లేదా?

పిల్లాడి పరుగుల మాట ఎత్తకు. మూడేళ్ళ పిల్లాణ్ణి పరిగెత్తనివ్వొద్దని ఏ తల్లినీ అడగకూడదు. ఎనిమిదిన్నరకల్లా వాడే పడుకుంటున్నాడు. మనవాడు ఇప్పుడు పాకుతున్నాడు, దసరాకి వాడికీ కాళ్ళొస్తాయి. మీ కింద కూడా ఒక ఇల్లుంది మరి.

పోలీసు రిపోర్టు అన్నావు గనక మీ నాన్న తన స్నేహితుడు లాయరుగారిని కనుక్కున్నారు. 2000 సంవత్సరంలో శబ్ద కాలుష్య నియమాలు వచ్చాయి. ఇళ్ళుండే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఆరు దాకా 45. ఆ వేళల్లో ఆరుబయట మైకులు, సౌండ్ బాక్సులు పెట్టకూడదు. ఎవరైనా అర్ధరాత్రి పార్టీ చేసి సౌండ్ బాక్సు మోగిస్తే మొహమాటపడకుండా 112కి ఫోన్ చెయ్యి. ఐపీసీ బదులు 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో పబ్లిక్ న్యూసెన్స్‌కి 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా జరిమానా ఉందట. కాని అది చుట్టుపక్కల నలుగురికీ కలిగే ఇబ్బందికి. ఇంటర్ పిల్ల కుర్చీకి ఎవరొస్తారు? వచ్చినా పోలీసు పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు, వాళ్ళు పైనే ఉంటారు. నీ ఫోన్ యాప్ చూపించిన 62 కూడా లెక్కలోకి రాదు. ఫ్యాను తిరుగుతుంటే ఒక అంకె, ఆపితే ఇంకొకటి చూపిస్తుంది. దానికన్నా ఏ రోజు, ఏ వేళకి, ఏ చప్పుడు అని ఒక కాగితం మీద రాసుకో. ఎవరితో మాట్లాడాల్సి వచ్చినా అదే పనికొస్తుంది.

అడిగాక కూడా మారకపోతే అప్పుడు మీ ఓనరుగారి చేత అసోసియేషన్‌కి రాయించు. అద్దె తీసుకుంటున్నాడు కదా, ఆ మాత్రం చెయ్యాలి. ఇల్లు మారడం ఆఖరి మాట. అగ్రిమెంటులో నోటీసు ఎన్ని రోజులని ఉందో ఇప్పుడే చూసి పెట్టుకో. రాతలో ఏమీ లేకపోతే నెలవారీ అద్దె ఇంటికి 15 రోజుల నోటీసు చాలట, కాని మీ కాగితంలో ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అడ్వాన్సులోంచి పెయింటింగ్ పేరు చెప్పి ఎంత కోస్తారో కూడా అందులోనే ఉంటుంది. టాప్ ఫ్లోర్‌కి పోదాం అంటున్నావు. పైన మనుషులుండరు నిజమే, మే నెల ఎండ ఉంటుంది, నెత్తిమీద ట్యాంకుంటుంది, పక్కన లిఫ్టు మోటారు ఉంటుంది. చూసుకో మరి.

వచ్చే ఆదివారం పైకి వెళ్ళినప్పుడు ఆ పిల్ల కుర్చీ కాళ్ళు గుండ్రంవో పలకవో, ఎంత లావో చూసి రా. ఆ సైజువే గాజువాకలో కొని మీ నాన్న చేత పంపుతాను.

ఇట్లు,
అమ్మ